డిగ్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను, కాలేజీ అయ్యేలోపు ఏమేం చూసుకోవాలి?

కావలిలో బీకాం ఆఖరి సెమిస్టర్, నాన్నగారివి రొయ్యల గుంటలు, ఇంట్లో తర్వాతేంటి అని అడుగుతున్నారు, స్నేహితులు హైదరాబాద్ పోదాం అంటున్నారు, టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు అని రాశారు. నా చెల్లెలి వయసు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మాది కొండపి దగ్గర పల్లెటూరు. 2014లో ఒంగోలులో బీకాం పూర్తి చేశాను. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. మధ్యలో నేను పడ్డది నువ్వు పడకూడదనే ఇంత రాస్తున్నాను.

ముందు ఈ రాత్రికి ఒక పని చెయ్యి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలు, ఆధార్ అన్నీ మంచం మీద వరసగా పరిచి నీ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టినతేదీ అక్షరం అక్షరం చూసుకో. నేను చూసుకోలేదు. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. డిగ్రీలో మొదటి అక్షరం మాత్రమే పడింది. ఆధార్‌లో ఇంటిపేరే లేదు. మూడేళ్లు ఆ కాగితాలు ఒకే ఫైల్లో ఉన్నా ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు.

2015లో బ్యాంకు ఉద్యోగానికి సెలక్ట్ అయి సర్టిఫికెట్లు చూపించడానికి వెళ్తే, అక్కడి మేడమ్ పెన్ను మొనతో ఒక్కో కాగితం మీద పేరు కింద గీత గీస్తున్నట్టు నడుపుకుంటూ వచ్చి మూడో కాగితం దగ్గర ఆగింది. "ఈ ముగ్గురూ నువ్వేనని ఏంటమ్మా రుజువు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. నోటరీ దగ్గర అఫిడవిట్, ఆధార్ మార్పు, మళ్లీ కాలేజీ నుంచి లెటరు, ఇవన్నీ తిరిగేసరికి 18 రోజులు పట్టింది. ఆ 18 రోజులు అమ్మ సరిగ్గా అన్నం తినలేదు.

అన్నిటికీ పదో తరగతి మెమోనే ఆధారంగా పెట్టుకో, మిగతావి దానికి సరిపోయేలా మార్పించుకో. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు కాబట్టి తొందరపడి ఏదో ఒక స్పెల్లింగ్ ఇచ్చెయ్యకు. డిగ్రీ మెమోలో తప్పుంటే ఇప్పుడే కాలేజీ ఆఫీసులో అప్లికేషన్ పెట్టు. విద్యార్థిగా ఉన్నప్పుడు కాలేజీయే యూనివర్సిటీకి రాసి పంపుతుంది. బయటికొచ్చాక విక్రమ సింహపురి యూనివర్సిటీ అంటే నువ్వు కావలి నుంచి నెల్లూరు దాటి కాకుటూరు దాకా తిరగాలి.

రెండోది, టీసీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మార్కులూ ఉండే కన్సాలిడేటెడ్ మెమో. రిజల్ట్ వచ్చిన వారంలో తీసేసుకో. మా కాలేజీలో ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు పడలేదని, 6,500 కట్టి టీసీ తీసుకెళ్లమన్నారు. నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. నీ టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ కాలేజీలోనే ఉంటే ఆ మాట చెప్పి మర్యాదగా, రాతపూర్వకంగా అడుగు. కులధ్రువీకరణ పత్రం కూడా చూసుకో. బీసీలైతే కేంద్ర ఉద్యోగాలకి ఓబీసీ సర్టిఫికెట్ వేరే ఫార్మాట్‌లో తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీలకిచ్చే సర్టిఫికెట్) అయితే అది ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఇంట్లో మాట్లాడటం. పరీక్షలైపోయి ఇంటికొచ్చాక నేను నెల రోజులు నోరు విప్పలేదు. వాళ్లు సంబంధాలు చూస్తారని నాకు భయం, నేను ఊరికే కూర్చుంటానని వాళ్లకి భయం. అప్పుడు మా ఇంట్లో పొగాకు గ్రేడింగ్ జరుగుతోంది. ఒక రాత్రి ట్యూబ్‌లైటు కింద నాన్న ఆకు తీసి, రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి, రంగును బట్టి కుప్పల్లో వేస్తున్నాడు. నేనూ పక్కన కూర్చుని ఆకులు అందిస్తూ, "నాన్నా, ఒక్క ఏడాది టైమివ్వు. వచ్చే ఏడు బ్యారన్ ముట్టించేలోపు ఉద్యోగం రాకపోతే సంబంధాల సంగతి కూర్చుని మాట్లాడదాం" అన్నాను. బ్యారన్ అంటే పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం. చేతిలో ఉన్న కట్ట కట్టేదాకా ఆయన ఏమీ అనలేదు. తర్వాత అడిగింది ఒకటే. "డబ్బెంత అవుద్ది?"

నా దగ్గర లెక్క లేదు! నెల రోజులు భయపడ్డానే గానీ ఒక్క కాగితం మీద రాసుకోలేదు. మర్నాడు నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసిచ్చాను. హాస్టల్ నెలకి 3,500, కోచింగ్ 8,000, పుస్తకాలు, దారిఖర్చులు. అది చదివి నాన్న "పొగాకు బేళ్లు అమ్మినాక ఇస్తాలే" అన్నాడు. నేను భయపడ్డ గొడవ అసలు జరగనే లేదు. వాళ్లకి కావలసింది గడువు, ఖర్చు. నువ్వు లెక్క రాసుకునే వెళ్లు. మీ నాన్నగారికి ఎంత కుదురుతుందో ఆయనే చెబుతారు.

హైదరాబాద్ విషయం. స్నేహితులు వెళ్తున్నారని మాత్రం వెళ్లకు. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగడం తేలికే. అమీర్‌పేట హాస్టల్లో ఏ కోర్సో తేల్చుకోకుండా మూడు నెలలు గడిపిన అమ్మాయిల్ని నా గదిలోనే చూశాను. దేనికి వెళ్తున్నావో, ఎన్ని నెలలో తేలాకే వెళ్లు. బ్యాంకు క్లర్క్ పరీక్షకి (ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు) ఇంటి దగ్గర కూర్చుని కూడా చదవచ్చు. ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 60 నిమిషాలు, అంతా వేగం మీదే. జనరల్ వాళ్లకి 28 ఏళ్ల దాకా అవకాశం ఉంది కాబట్టి మొదటిసారి పోయినా కంగారుపడకు. కానీ దరఖాస్తు చేసే రోజుకి డిగ్రీ పాసై ఉండాలి, రిజల్ట్ రాకుండా అప్లై చెయ్యకూడదు.

నీకు సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా. దయచేసి ఆ సర్టిఫికెట్ డబ్బులిచ్చి కొనుక్కోకు. కావలిలోనే ఏదో ఒక ఆడిటర్ ఆఫీసులో కూర్చో. నెలనెలా 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్నులు వెయ్యడానికి వాళ్లు పడే హడావుడి రెండు నెలలు దగ్గరుండి చూస్తే, మూడేళ్లు పుస్తకంలో చదివింది అప్పుడు బుర్రకెక్కుతుంది. ట్యాలీలో బిల్లులు కొట్టడం వస్తే రొయ్యల ప్లాంట్లలో, ఫీడ్ డీలర్ల దగ్గర అకౌంట్స్ పని దొరుకుతుంది. చిన్న జీతమని తీసిపారేయకు. పరీక్షకి చదువుకుంటూ ఆ పని చేస్తే నీ ఖర్చు నువ్వే పెట్టుకోవచ్చు, ఇంట్లో మాట్లాడే ధైర్యం దానంతటదే వస్తుంది. డిగ్రీ పాసయ్యాక నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే స్టైపెండ్‌తో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కీ ప్రయత్నించవచ్చు.

మీ నాన్నగారితో మాత్రం గుంటల్లో రొయ్యలు పట్టే ముందు రోజుల్లో మాట్లాడకు. రేటు ఎంత పలుకుతుందోనన్న దిగుల్లో ఉంటారు. లారీ వెళ్లిపోయి, లెక్కలు తేలి, ఆయన స్థిమితంగా కూర్చున్న సాయంత్రం కాగితం పట్టుకుని పక్కన కూర్చో. మాట్లాడాక ఏమన్నారో ఇక్కడే రాయి, చూస్తాను.