ముందు తూటా తేల్చుకో, తర్వాత బ్యారెల్ చూడు

హన్మకొండ నుంచి వచ్చి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడి ప్రశ్న: "అన్నా, నమస్తే. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఆఫీసు దోస్తులతో కలిసి వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కు పోతున్నాను. టార్గెట్ షూటింగ్‌తో పాటు కొయోటీలు (నక్క లాంటి జంతువులు), ప్రైరీ డాగుల (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువుల) వేటకూ పోవాలని ఉంది. గురి తప్పకుండా ఉండాలంటే ఎలాంటి బ్యారెల్ తీసుకోవాలి? ఇంకో మాట. పరకాల దగ్గర మా నాన్న మక్క చేనును అడవి పందులు ఆగం చేస్తున్నాయి. ఇక్కడి నుంచి ఆయనకు మంచి బ్యారెల్ పంపొచ్చా?"

తమ్మీ, బ్యారెల్ సంగతి వివరంగానే చెప్తా. కానీ నువ్వు ఇప్పటికే రేంజ్‌కు పోతున్నానన్నావు చూడు, నాకు టెన్షన్ అక్కడే వచ్చింది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటాలు గానీ ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మనకు పనికొచ్చేది ఇక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. సొంతంగా కొనడం ఒక్కటే తప్పు అనుకోకు. రేంజ్‌లో దోస్తు రైఫిల్ చేతిలోకి తీసుకున్నా అది నీ దగ్గర ఉన్నట్టే లెక్క. తుపాకీ కేసు పడితే దేశం నుంచి పంపించేసే దాకా పోతుంది.

టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. 2019 సెప్టెంబర్ నుంచి, ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవి పందులను వేటాడటానికి రాష్ట్రం లైసెన్స్ అడగడం లేదు. ఈ మాట విని మనవాళ్లు లైసెన్స్ తీసుకోవడమే మానేస్తున్నారు. రాష్ట్రం అడగకపోయినా, ఫెడరల్ మినహాయింపుకు నీకున్న ఆధారం ఆ కాగితమే. కాబట్టి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చెయ్యి (1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ అది ఉండాలి). లైసెన్స్ తీసుకో. మామూలు లైసెన్స్ గడువు ఏటా ఆగస్టు 31తో తీరిపోతుంది, రెన్యువల్ మర్చిపోవద్దు. గ్రీన్ కార్డు వచ్చాక ఈ చిక్కు ఉండదు. అప్పటిదాకా ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌ను కూడా అడిగి పెట్టుకో, ఆ ఫీజు దండగ కాదు.

ఇక బ్యారెల్. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఏ కంపెనీ మంచిదని మొదలుపెడతారు. నేనైతే ఏ బుల్లెట్ (తూటా ముందు భాగంలో ఉండి ఎగిరిపోయే గుండు) కాలుస్తావని అడుగుతా. ఎందుకో చెప్తా. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. బుల్లెట్ వాటిని ఒరుసుకుంటూ, గిరగిరా తిరుగుతూ బయటికి వస్తుంది. జోరు తగ్గిన బొంగరం తూలినట్టే, తిరుగుడు చాలని బుల్లెట్ గాల్లో తూలుతుంది. టార్గెట్ కాగితం మీద గుండ్రటి చిల్లు పడాల్సిన చోట కోలగా సాగిన చిల్లు కనబడితే అర్థం అదే.

గాడి ఒక చుట్టు పూర్తిగా తిరగడానికి ఎన్ని అంగుళాలు పడితే అది ఆ బ్యారెల్ ట్విస్ట్. 1:12 అంటే పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు. మొదటి రైఫిల్‌కు నేను చెప్పబోయే .223 రెమింగ్టన్ అనే తూటా రకాన్నే తీసుకో. ప్రైరీ డాగులకు వాడే 40 నుంచి 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకు వాడే చిన్న కొలత) బుల్లెట్లకు 1:12 సరిపోతుంది. టార్గెట్ కోసం 69 గ్రెయిన్లు కాల్చాలంటే 1:9 కావాలి. 75, 77 గ్రెయిన్లకు 1:8. 80 దాటితే 1:7 వైపు పోవాలి. వేటగాళ్లకు బాగా ఇష్టమైన .22-250 అనే ఇంకో తూటా రకానికి పాతకాలం నుంచి 1:14 ఇస్తూ వచ్చారు, అందుకే అందులో పొడుగు బుల్లెట్లు నిలబడవు.

పొడుగు అన్నాను, గమనించు. బరువు చెప్పుకోవడం అలవాటు గానీ అసలు లెక్క బుల్లెట్ పొడవుది. రాగి బుల్లెట్ అదే బరువున్న సీసం బుల్లెట్ కంటే పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఎక్కువ తిరుగుడు అడుగుతుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం లేని తూటాలే వాడాలి. బే ఏరియాలో ఉండే మన కరీంనగర్, వరంగల్ పిల్లలు డాలస్ దోస్తు చెప్పిన 1:12 బ్యారెల్ కొనుక్కుంటే అక్కడ ఇబ్బంది పడతారు.

మరి అందరూ 1:7 తీసుకుంటే అయిపోతుంది కదా అంటావేమో. పల్చటి తొడుగు ఉండే వేట బుల్లెట్లను మంచి వేగంతో 1:7లోంచి పంపితే కొన్ని ఆ తిరుగుడుకు తట్టుకోలేక గాల్లోనే పగిలిపోతాయి. నీకు రెండు పనులూ కావాలి కాబట్టి నా ఓటు 1:8కే.

కొనేటప్పుడు, ముఖ్యంగా పాత రైఫిల్ అయితే, బ్యారెల్ మీద చెక్కిన అంకె చూసి ఊరుకోకు. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ తీసెయ్యి. క్లీనింగ్ రాడ్‌కు గుడ్డ పేలిక బిగుతుగా చుట్టి వెనక నుంచి లోపలికి తోయి. పిడి దగ్గర రాడ్ స్వేచ్ఛగా తిరిగేది అయ్యుండాలి. గుడ్డ గాడుల్లో పట్టుకోగానే రాడ్ మీద పైవైపు మార్కర్‌తో ఒక గీత పెట్టు, అది లోపలికి పోయే చోట టేపు ముక్క అంటించు. నెమ్మదిగా తోస్తుంటే గీత పక్కకు తిరుగుతూ పోతుంది. అది మళ్లీ పైకి వచ్చే సరికి టేపు ఎన్ని అంగుళాలు జరిగిందో కొలువు. ఎనిమిది వస్తే 1:8. రెండు మూడుసార్లు కొలిస్తే ఖాయంగా తెలుస్తుంది.

తర్వాత చూడాల్సింది మందం. పేలిన ప్రతిసారీ బ్యారెల్ అదురుతుంది. వ్యాసం రెట్టింపైతే గట్టిదనం పదహారు రెట్లు పెరుగుతుంది. పొడవు పెరిగితే గట్టిదనం జోరుగా పడిపోతుంది: ఒకే మందంలో 26 అంగుళాల దాని కంటే 20 అంగుళాలది రెండింతలకు పైగా గట్టిగా ఉంటుంది. .223లో ఒక్కో అంగుళం తగ్గితే పోయే వేగం సెకనుకు సుమారు 25 అడుగులు, దానికి అంత బాధపడక్కర్లేదు. బరువైన బ్యారెల్ మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగానే చల్లారుతుంది. ఒకచోట కూర్చుని ప్రైరీ డాగులను కాల్చేవాడికి హెవీ వార్మింట్ బ్యారెల్ (ఇలాంటి చిన్న జంతువుల వేటకు చేసే మందపాటి బ్యారెల్) బంగారం. కొయోటీల వెంట మైళ్లు నడిచేవాడికి అదే రైఫిల్ స్కోపుతో కలిపి ఐదు కిలోలు దాటి భుజం లాగేస్తుంది. నువ్వు 24 అంగుళాల మధ్యరకం మందం చూడు. కార్బన్ ఫైబర్ చుట్టినవి తేలిక, కానీ మొదటి రైఫిల్‌కు అంత డబ్బు పెట్టొద్దు.

తయారీ పద్ధతి గురించి రేంజ్‌లో గంటల తరబడి వాదిస్తారు. గాడులను కొంచెం కొంచెంగా కోసేది కట్ రైఫ్లింగ్, విస్కాన్సిన్‌లో క్రీగర్, బార్ట్‌లీన్ కంపెనీల వాళ్లు అలా చేస్తారు. బటన్ అనే గట్టి లోహపు ముక్కను లోపలి నుంచి లాగి గాడులను నొక్కేది బటన్ పద్ధతి, మీ డాలస్ పక్కనే ఎన్నిస్‌లో ఉన్న షైలెన్, మోంటానాలోని లిల్యా వాళ్లది అది. పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు సుత్తులతో బయటి నుంచి కొట్టి చేస్తాయి. బెంచ్‌రెస్ట్ పోటీల్లో (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి గురి చూసి కాల్చే పోటీలు) కట్ గెలిచింది, బటనూ గెలిచింది. నేను చూసేది వేరే: ఉక్కులో మిగిలిపోయిన ఒత్తిడిని వేడితో సరిగ్గా తీసేశారా, లోపలి వ్యాసం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా ఉందా, చేత్తో ల్యాపింగ్ చేశారా, అంటే లోపల నునుపు పట్టించారా. ఒత్తిడి మిగిలిన బ్యారెల్ చల్లగా ఉన్నప్పుడు ఒకచోట, వేడెక్కాక ఇంకోచోట కొడుతుంది. టార్గెట్ బ్యారెళ్లు ఎక్కువగా 416ఆర్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కులో వస్తాయి. క్రోమ్-మోలీ ఉక్కు కూడా బాగానే కొడుతుంది, తుప్పు పట్టకుండా చూసుకోవాలి, అంతే.

షాపులోనే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. అక్కడ కూడా తుపాకీ ఖాళీగా ఉందని ముందు చూసుకో. డాలర్ నోటు మడిచి బ్యారెల్‌కూ కింది కట్టెకూ మధ్య పెట్టి వెనక్కి లాగు. ఎక్కడా ఆగకుండా జారితే బ్యారెల్ దేనికీ తగలడం లేదు, మనకు కావాల్సింది అదే. చెవులకు వాడే దూది పుల్లతో మూతి అంచును లోపలి నుంచి బయటికి చుట్టూ తుడువు. దూది పోగులు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ అంచు దెబ్బతింది. బుల్లెట్ చివరిసారి తాకేది ఆ అంచునే, అక్కడ చిన్న లోపం ఉన్నా గురి పోతుంది.

"ఒక ఎంఓఏ రైఫిల్" అని అమ్మేవాడు చెప్తాడు. ఎంఓఏ అంటే మినిట్ ఆఫ్ యాంగిల్ అనే కోణం కొలత; వంద గజాల్లో గుండ్లన్నీ 1.047 అంగుళాల లోపల పడతాయని దాని అర్థం. 300 గజాలకు అది మూడంగుళాలు దాటుతుంది, ప్రైరీ డాగ్ ఒంటి వెడల్పు సుమారు అంతే. అందుకే మూడు గుండ్ల గ్రూప్ (ఒకే గురికి కాల్చిన గుండ్ల చిల్లులు) ఫోటో చూపిస్తే నమ్మకు. ఐదేసి గుండ్లవి కొన్ని గ్రూపులు అడుగు. ప్రైరీ డాగుల్లో యూటా రకానికి చట్ట రక్షణ ఉంది, వేరే రాష్ట్రాలకు పోతే ముందు కనుక్కో.

బ్యారెల్ అరిగిపోయే వస్తువని కూడా తెలుసుకో. సన్నటి రంధ్రంలోంచి ఎక్కువ తుపాకీ మందు మండితే అది బ్యారెల్‌ను మొదలు దగ్గరే తినేస్తుంది. .308 తూటా కాల్చే బ్యారెల్ సుమారు ఐదువేల గుండ్ల దాకా గురి నిలుపుకుంటుంది, .22-250ది అంతలో సగం కూడా నిలవదు. నేను .223 అంటున్నది అందుకే. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే ఆపెయ్యి. మొదటిది ఫ్యాక్టరీలో చేసిన మధ్యరకం మందం బ్యారెల్ రైఫిల్, సావేజ్ కంపెనీదో టిక్కా కంపెనీదో, కొనుక్కుని దాన్ని బాగా వాడు. అది అరిగాక కస్టమ్ బ్యారెల్ వేయించుకో. సావేజ్‌లో బ్యారెల్‌ను బిగించే నట్ ఉంటుంది కాబట్టి మార్చడం తేలిక, అయినా హెడ్‌స్పేస్ గేజ్ (లోపల తూటా కూర్చునే చోటు సరిగ్గా ఉందో లేదో చూసే కొలత పరికరం) పెట్టకుండా ఒక్క గుండు కూడా కాల్చొద్దు.

నాన్న సంగతి. పంపొద్దు, తమ్మీ. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ భాగాలు కూడా ఆయుధాలే, ఇటు అమెరికా నుంచి బయటికి పంపడానికీ లైసెన్స్ కావాలి. కొరియర్‌లో పోయిన బ్యారెల్ ఆ పెద్దాయన పేరు మీద కేసై కూర్చుంటుంది. పందుల కోసం గ్రామ పంచాయతీ ద్వారా అటవీ శాఖకు అర్జీ పెట్టించు. తెలంగాణలో అనుమతి ఉన్న షూటర్లతో కాల్పించే పద్ధతి ఉంది. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టనివ్వకు, మన దగ్గర ఆ తీగలకు మనుషులే పోతున్నారు. నువ్వు ఊరికి వచ్చేటప్పుడు రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగు వాడకు. తప్పదంటే అన్ని జేబులూ తిరగేసి దులుపు. అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనబడినా పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాల్సి వస్తుంది.