ఫిల్టర్ బోర్డుల సెట్టు కొనివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఒకదానికొకటి తగిలించుకునే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బోర్డులు కొనిస్తే ప్యాసివ్ ఫిల్టర్లు (కొన్ని ఫ్రీక్వెన్సీల సిగ్నల్స్‌నే పోనిచ్చే, విడిగా పవర్ అక్కర్లేని సర్క్యూట్లు) ఇంట్లోనే చేసి చూస్తానంటున్నాడు. సెట్టు ఖరీదెక్కువ. ఆ డబ్బుతో కోడింగ్ కోర్సులో చేర్పించమని బంధువులంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: సర్క్యూట్ చేతులతో చేసి చూస్తానని పిల్లవాడే అడగడం చాలా మంచి సంగతి. ఆ కోరికను తీసిపారేయకండి. అయితే సెట్టు ఇప్పుడే వద్దు.

కోఠీలో గుజరాతీ గల్లీకి పంపండి. రెసిస్టర్లు, కెపాసిటర్లు, జీరో పీసీబీ (భాగాలు సోల్డర్ చేసుకునే చిల్లుల బోర్డు), బెర్గ్ స్ట్రిప్పులు (పిన్నుల వరుసలు) కొద్ది ఖర్చుతో వస్తాయి. ఒక్కో ఫిల్టర్‌ను ఒక్కో చిన్న ముక్క మీద సోల్డర్ చేసి, ఇన్‌పుట్, అవుట్‌పుట్, గ్రౌండ్ పిన్నులు బయటికి తీస్తే తన మాడ్యూళ్లు తానే తయారు చేసుకున్నట్టు.

మొదటిది 1 కిలో ఓం, 0.1 మైక్రోఫారడ్‌తో లోపాస్ ఫిల్టర్, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను పోనిచ్చేది. లెక్క ప్రకారం కటాఫ్ (ఏ ఫ్రీక్వెన్సీ దాటితే ఫిల్టర్ సిగ్నల్‌ను బాగా తగ్గిస్తుందో అది) దాదాపు 1,590 హెర్ట్జ్. అక్కడ అవుట్‌పుట్ ఇన్‌పుట్‌లో 71 శాతం ఉండాలి. కాలేజీ ల్యాబ్‌లో సీఆర్‌ఓ (సిగ్నల్‌ను తెర మీద చూపే పరికరం) మీద కొలిస్తే ఆ అంకె సరిగ్గా రాకపోవచ్చు. కెపాసిటర్ మీద 104 (0.1 మైక్రోఫారడ్‌కు గుర్తు) పక్కన ‘ఎం’ అక్షరం ఉంటే విలువ 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చని అర్థం. అంటే కటాఫ్ 1,330 నుంచి 1,990 మధ్య ఎక్కడైనా పడవచ్చు.

అసలు పాఠం రెండో ముక్క తగిలించినప్పుడు మొదలవుతుంది. అలాంటివే రెండు ఫిల్టర్లు కలిపితే, ఒకదాని ప్రభావం మరొకదాని మీద లేకపోతే కటాఫ్ 1,020 దగ్గర ఉండాలి. కానీ 600 కిందికి దిగుతుంది, ఎందుకంటే రెండోది మొదటిదాని నుంచి కరెంటు లాగుతోంది. దీన్నే లోడింగ్ అంటారు. రెండోదాన్ని 10 కిలో ఓం, 0.01 మైక్రోఫారడ్‌కు మారిస్తే 950 దాకా తేరుకుంటుంది. ఇప్పుడు ఆ రెండు ముక్కల వరుస తిరగేయమనండి. అవే భాగాలు, అయినా కటాఫ్ 130 దగ్గరికి పడిపోతుంది! లోడింగ్ అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపే ప్రయోగం ఈ స్థాయిలో మరొకటి లేదంటాను.

ఈసీఐఎల్, డీఆర్‌డీఓ ల్యాబులు, చిప్ కంపెనీలు ఉన్న ఊరు మనది. హార్డ్‌వేర్ టెస్టింగ్, వాలిడేషన్ పనుల్లో రోజూ చేసేది ఇదే: లెక్క ఎంత చెప్పింది, కొలత ఎంత వచ్చింది, తేడా ఎందుకు? ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకు బోర్డుల ఫొటోల కన్నా ఈ మూడూ రాసుకున్న నోటుబుక్కు తీసుకెళ్లమనండి.

కోడింగ్‌నూ వదలనక్కర్లేదు. ఆ కొలతలను పైథాన్‌లో గ్రాఫు గీయడం నేర్చుకుంటే రెండు పనులూ కలిసి నడుస్తాయి. దానికోసం ఇప్పుడే పెద్ద ఫీజు కట్టకండి.

మూడో సంవత్సరంలో ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) వైపు మనసు పోతే అప్పుడు రెడీమేడ్ బోర్డుల గురించి ఆలోచించండి. వందల మెగాహెర్ట్జ్ దగ్గర వైరు ముక్క కూడా ఇండక్టర్‌లా పనిచేస్తుంది, ఇంట్లో సోల్డర్ చేసిన జీరో పీసీబీ అక్కడ పనికిరాదు. ఎస్‌ఎంఏ కనెక్టర్లు (ఆర్‌ఎఫ్ కేబుళ్లు తగిలించేవి) ఉన్న 50 ఓంల మాడ్యూళ్లు కావాలి. అప్పుడు కూడా మొత్తం సెట్టు కాకుండా, చేస్తున్న ప్రాజెక్టుకు అవసరమైన ఒకటి రెండు కొనివ్వండి చాలు.