చంద్రుడి మీద స్థలానికి లింకు డాక్యుమెంట్లు

తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పెళ్లిరోజుకి భార్య పేరున చంద్రుడి మీద ఎకరం కొన్న మనిషి గురించి రాసిన మొదటి పేజీ చాలా బాగుంది. ఆ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించారన్న చోట కాసేపు ఆగిపోయాను. ఎన్నిసార్లు తిరగరాసినా ఆ వాక్యం తీసేయకు.

ఇబ్బంది రెండో పేజీలో వచ్చింది. "అంతరిక్ష ఒప్పందం దేశాలనే ఆపింది, వ్యక్తులను ఆపలేదు, కాబట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు" అని రాసేశావు. అది అమ్మేవాళ్లు చెప్పే మాట.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక లేఅవుట్ గురించి బ్రోషర్ చూసి రాశాను. అది చదివి ఒక రిటైర్డ్ టీచరు అడ్వాన్సు కట్టారు. తర్వాత తేలింది, అది చెరువు శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల అని. ఆయన మా ఇంటికి వచ్చి తిట్టలేదు. మంచినీళ్లు తాగి, "రాసేముందు లింకు డాక్యుమెంట్లు చూశారా బాబూ?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. నీకూ అదే ఇస్తున్నాను.

మన దగ్గర వంద గజాలు కొన్నా ఈసీ తీస్తాం, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల రికార్డు. అమ్మేవాడికి ఎవరు అమ్మారు, అతనికి ఎవరిచ్చారు అని వెనక్కి వెళ్తే చివరికి ఏదో ఒక ప్రభుత్వ రికార్డు దగ్గర తేలుతుంది. చంద్రుడి ఎకరానికీ అలాగే వెనక్కి వెళ్లు. 1980లో అమెరికాలో ఒకాయన చంద్రుడు తనదని ప్రకటించుకుని అమ్మకాలు మొదలుపెట్టాడు. అంతకు ముందు ఇంకేమీ లేదు, లింకు అక్కడే తెగిపోయింది.

1967 అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణ చూడు. చంద్రుడిని గానీ మరో గ్రహాన్ని గానీ హక్కు ప్రకటించుకునో, వాడుకునో, ఆక్రమించుకునో, ఇంకే రకంగానో ఏ దేశమూ సొంతం చేసుకోకూడదు. ఆరో అధికరణ కూడా కలిపి చదువు. ప్రైవేటు సంస్థలు అంతరిక్షంలో చేసే పనులకూ వాటి ప్రభుత్వాలే అనుమతి ఇవ్వాలి, కనిపెట్టి ఉండాలి, బాధ్యత వహించాలి. పట్టా ఇవ్వడానికి ఏ ప్రభుత్వానికీ అధికారం లేని నేలకి పట్టాదారు ఎలా వస్తాడు? దీన్ని కోర్టులో తేల్చుకుందామని చూసిన మనిషి ఒకడున్నాడు. ఎరోస్ అనే గ్రహశకలం తనదన్నాడు. 2001లో నాసా నౌక దాని మీద దిగితే 20 డాలర్ల పార్కింగ్ బిల్లు పంపాడు. అమెరికా కోర్టు 2004లో ఆ కేసు కొట్టేసింది.

నేల సంగతి అది. వస్తువుల సంగతి వేరు, నీ వ్యాసంలో ఈ రెండూ కలిసిపోయాయి. ఎనిమిదో అధికరణ ప్రకారం పంపిన వస్తువు పంపినవాళ్లదే. మన విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద ఉన్నా మనదే, దాని కింద మట్టి మాత్రం మనది కాదు. అది దిగిన చోటుకి శివశక్తి అని పేరు పెట్టుకున్నాం, పేరుతో హక్కు రాదు.

మరి మట్టి తవ్వి తెస్తే? నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది. 1970లో సోవియట్ నౌక లూనా-16 చంద్రుడి మీద నుంచి తెచ్చిన మట్టిలోంచి కొన్ని రేణువులను, 0.2 గ్రాములు, అక్కడి ప్రభుత్వం రాకెట్ల రూపకర్త కొరల్యోవ్ భార్యకి ఇచ్చింది. 1993లో న్యూయార్క్ వేలంలో అవి 4,42,500 డాలర్లకు అమ్ముడయ్యాయి. చూశావా, ఇక్కడ లింకు ఎక్కడా తెగలేదు. తెచ్చింది ప్రభుత్వం, ఇచ్చింది ప్రభుత్వం, ఆమె అమ్మింది.

ఈ దారినే 2015లో అమెరికా చట్టం చేసింది. తవ్వి తీసిన వనరు తీసినవాళ్లదే అంది, ఏ గ్రహం మీదా తాము హక్కు కోరడం లేదని అందులోనే రాసింది. లక్సెంబర్గ్, జపాన్ కూడా అటే నడిచాయి. 1979 చంద్ర ఒప్పందం వేరే దారి చూపింది. అక్కడి వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వం అంది. మనం 1982లో దాని మీద సంతకం పెట్టాం, ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2023లో, చంద్రుడి మీద పనుల గురించి అమెరికా ముందుండి తెచ్చిన ఆర్టెమిస్ ఒప్పందాల మీద సంతకం చేశాం, తవ్వి తీసినంత మాత్రాన నేలను సొంతం చేసుకున్నట్టు కాదని వాటిలో ఉంది. నిజమైన తగువు ఇదే, నాకు దీని గురించే టెన్షన్. నేల ఎవరిదీ కాదంటూ, అందులోని మంచునీ ఖనిజాన్నీ ముందు చేరినవాళ్లు తోడుకుపోతే మిగిలేది ఏమిటి? ఇది రాయి, భయపడకుండా రాయి.

ఇంకో మాట. "చట్టవిరుద్ధం" అనే మాట నాలుగు చోట్ల వాడావు. తీసేయ్. ఆ కాగితం కొనడం నేరం కాదు, దాంతో స్థలం రాదు. "చెల్లదు" అను, సరిపోతుంది. కొన్న మనిషిని ఎక్కడా చిన్నబుచ్చకు. ఆయన డబ్బుతో పాటు ప్రేమ కూడా పెట్టాడు.

వీలైతే మళ్లీ ఆ ఇంటికి వెళ్లు. ఫ్రేము కిందికి దించమని అడిగి, ఆ కాగితంలో తూర్పు హద్దుగా ఎవరి స్థలం రాశారో చూడు. ఆ ఇల్లాలిని కూడా అడుగు. మొదటి పేజీ అంతా ఆయనే మాట్లాడాడు, ఆవిడ మాట ఒక్కటీ లేదు.

ప్రేమతో,
అన్నయ్య