కీమో టాబ్లెట్లు వేసుకుంటుంటే అమ్మకి మోషన్స్... ఆపాలా, కంటిన్యూ చెయ్యాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. మా అమ్మకి 56 ఏళ్ళు. పెద్దపేగు కేన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక కీమో మొదలెట్టారు, మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ సెలైన్‌లో ఎక్కించి, ఆ రోజు నుంచి 14 రోజులు కేప్సిటాబిన్ టాబ్లెట్లు పొద్దున, సాయంత్రం వెయ్యమన్నారు. ఇది రెండో సైకిల్, ఇవాళ పదో రోజు. మొదటి మూడు రోజులు అసలు మోషనే అవ్వలేదు, ఇప్పుడేమో నిన్నటి నుంచి ఆరేడుసార్లు అవుతోంది, రాత్రి కూడా లేస్తోంది, నోరంతా పూసేసింది. పక్కింటావిడ వేడి చేసిందంటోంది. అమ్మేమో ఒక్క పూట టాబ్లెట్ మానినా జబ్బు తిరగబెడుతుందని భయపడి అంత నీరసంలోనూ మింగుతోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఈ పూట కేప్సిటాబిన్ వెయ్యకుండా ఆపమ్మా, ఆపి మీ ఆంకాలజీ డాక్టర్‌కో, ఫైల్ మీదున్న నంబర్‌కో ఫోన్ చెయ్యండి, మిగతాది తర్వాత చదవొచ్చు. అగనంపూడి హోమీ భాభా కేన్సర్ హాస్పిటల్‌లో చూపిస్తున్నారో ఇంకెక్కడో మీరు రాయలేదు, ఎక్కడైనా సరే ఇదే చెప్తారు. రోజూ అయ్యే దానికన్నా నాలుగుసార్లు ఎక్కువ అయినా, రాత్రిపూట మోషన్స్ కోసం లేవాల్సొచ్చినా, నోరు పూసి నొప్పి పెడుతున్నా ఈ మందు ఆపి అడగాలి అన్నది దీని రూలు. అమ్మకి మొదటి రెండూ ఉన్నాయి, మూడోది కూడా ఉన్నట్టే ఉంది.

ఆపితే జబ్బు తిరగబెడుతుందన్న భయం మీ అమ్మగారొక్కరిదే కాదు, నా దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది మోషన్స్ సంగతి దాచేది ఇందుకే. కొన్ని రోజులు ఆపి, పేగు కుదుటపడ్డాక అవసరమైతే డోసు కొంచెం తగ్గించి మళ్ళీ మొదలెట్టడం ట్రీట్‌మెంట్‌లో భాగమే. మానేసిన మాత్రలు తర్వాత కలిపి వెయ్యకూడదు, అవి పోయినట్టే.

ఇది వేడి చెయ్యడం కాదమ్మా. కేప్సిటాబిన్ ఒంట్లోకెళ్ళాక ఫైవ్ ఎఫ్‌యూ అనే మందుగా మారుతుంది, అది త్వరత్వరగా పెరిగే కణాల్ని కొడుతుంది, కేన్సర్ కణమా మన కణమా అని చూడదు. మన పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తగా తయారవుతుంటుంది, నోటి లోపలి చర్మం కూడా అలాంటిదే, అందుకే నోరు పూయడం, మోషన్స్ రెండూ జంటగా వచ్చాయి. పేగులు శాశ్వతంగా పాడైపోతాయేమోనని భయపడకండి, మందు ఆపితే చాలామందిలో కొత్త పొర వచ్చేస్తుంది. మరి మొదటి మూడు రోజులు బిగిసిపోయింది ఎందుకంటే, అది కీమో కన్నా వాంతులకిచ్చే ఆండాన్‌సెట్రాన్ చేసే పని అయ్యుంటుంది, దానికి మలబద్ధకం మామూలే. వచ్చే సైకిల్‌కి ఈ సంగతి ముందే చెప్పండి.

లోపెరమైడ్ సంగతి. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు, కానీ జ్వరం, మోషన్‌లో రక్తం, కడుపులో గట్టి నొప్పి ఉంటే అది వెయ్యకూడదు. అవేవీ లేవని ఫోన్‌లో చెప్పి, డాక్టర్ సరేనన్నాక ముందు 2 ఎంజీవి రెండు, తర్వాత నీళ్ళ మోషన్ అయినప్పుడల్లా ఒకటి, రోజుకి ఎనిమిది దాటకుండా. షాపువాళ్ళిచ్చే యాంటీబయాటిక్ మాత్రం వద్దు. జ్వరం 100.4 వచ్చిందంటే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, ఈ రోజుల్లోనే ఇన్ఫెక్షన్‌ని ఆపే తెల్లకణాలు పడిపోతుంటాయి, అర్ధరాత్రైనా ఆటో ఎక్కాల్సిందే.

ఓఆర్‌ఎస్ పేకెట్ పెద్దది అయితే లీటర్ నీళ్ళలో మొత్తం కలపండి, గ్లాసుకి సగం పేకెట్ వేసేవాళ్ళని చూశాను, అలా కలిపితే మోషన్స్ ఇంకా ఎక్కువౌతాయి. గుక్కగుక్కగా తాగించండి. ఒళ్ళు ఎండిపోతే కిడ్నీ మీద పడుతుంది, కిడ్నీ నెమ్మదిస్తే ఇదే మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోయి మోషన్స్ ఇంకా పెంచుతుంది, అందుకే యూరిన్ తగ్గినా, లేవగానే కళ్ళు తిరిగినా సెలైన్ పెట్టించాలి.

పస్తు పెట్టకండి. గంజిలో ఉప్పేసి, సగ్గుబియ్యం జావ, ఇడ్లీ, అరటిపండు చాలు. పేగు పొర దెబ్బతిన్నప్పుడు పాలు అరగవు, కొన్నాళ్ళు ఆపండి. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ మోషన్స్ తగ్గాక. తరవాణి మాత్రం కీమో అయ్యేదాకా వద్దు, పులిసినది పచ్చిగా తాగడం ఇప్పుడు మంచిది కాదు. బీచ్ రోడ్ మురీ మిక్చర్ కూడా అడుగుతుంటారు కొందరు, నాకూ ఇష్టమే, ఆగాలి. ఫ్రిజ్ నీళ్ళు కూడా వద్దు, ఆక్సాలిప్లాటిన్ ఎక్కిన రోజుల్లో చల్లనిది తాగితే గొంతులో ముళ్ళు గుచ్చినట్టయి ఊపిరాడట్లేదని కంగారు పడిపోతారు. నోటికి గోరువెచ్చని నీళ్ళలో కాస్త ఉప్పు, వంట సోడా వేసి పుక్కిలించమనండి.

భీమిలి నుంచి వచ్చే ఒకాయన కిరాణా షాపు క్యాలెండర్ మీద భార్యకి మోషన్ అయినప్పుడల్లా ఒక గీత, వాంతికి ఒక చుక్క, టాబ్లెట్ వేసిన పూట టిక్కు పెట్టుకొస్తాడు, ఆ కాగితం చూసి నేను రెండు నిమిషాల్లో డోసు తేల్చేశాను. మీరూ ఇవాళ్టి నుంచి అలాగే గీతలు పెట్టండి, ఓపీకి వెళ్ళేటప్పుడు మిగిలిన టాబ్లెట్ల స్ట్రిప్ కూడా పట్టుకెళ్ళండి, ఎన్ని వేశారో లెక్క చూస్తారు.