అప్పు చేసి సింగపూర్ వెళ్లాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఓ పల్లె. నాలుగెకరాల కొబ్బరి తోట ఉంది. మా ఆవిడ ప్రభుత్వ టీచర్. అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది, ఇంజినీరింగ్‌లో చేర్పించాలి. అబ్బాయి ఎనిమిదో తరగతికి వస్తాడు. అమ్మకు 66 ఏళ్లు. అయిదుగురం ఈ వేసవిలోనే సింగపూర్, మలేషియా చూసి రావాలని పిల్లల పట్టు. ఏజెంటు 4.8 లక్షలు చెప్పాడు, ఈఎంఐ కూడా ఇప్పిస్తానంటున్నాడు. ‘ఆ డబ్బు పెడితే బంగారం వస్తుంది, ఊళ్లు తిరిగొస్తే ఏం మిగులుతుంది?’ అంటోంది అమ్మ. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. కానీ ఈ వేసవిలో వద్దు, ఈఎంఐ మీద అసలే వద్దు.

అమ్మగారు అడిగినదాంట్లో తప్పు లేదు. కోనసీమలో విదేశం అంటే ఇంతకాలం ఒకరు వెళ్లి ఇంటిల్లిపాదికీ డబ్బు పంపే చోటు. కువైట్, మస్కట్, దోహా. అందరూ కలిసి వెళ్లి ఖర్చుపెట్టి రావడం మన ఇళ్లకు కొత్త. ఆ ఖర్చుకు ఏం మిగులుతుందన్నది డబ్బు ఎలా కూడబెట్టారు, అక్కడ ఎవరి చేత్తో ఖర్చుపెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏజెంటు బస్సెక్కించి, దించి, తిండి పెట్టి తీసుకొస్తే మిగిలేవి ఫొటోలే.

ముందు లెక్క చూద్దాం. 4.8 లక్షలు 14 శాతం వడ్డీకి రెండేళ్ల ఈఎంఐ పెడితే నెలకు దాదాపు 23,000. మొత్తం మీద వడ్డీయే 73,000 దాటుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే అమ్మాయి కాలేజీ ఫీజు, హాస్టల్ వచ్చి పడతాయి. పైగా 4.8 లక్షలు ఎప్పుడూ 4.8 లక్షల దగ్గర ఆగదు. హైదరాబాద్ దాకా ప్రయాణం, ప్యాకేజీలో లేని భోజనాలు, ఇన్సూరెన్స్, అక్కాచెల్లెళ్లకు తెచ్చే సామాన్లు. ఇంకో 60, 70 వేలు చేతిలో ఉండాలి.

నా సలహా: వచ్చే ఏడాది దసరా సెలవులు పెట్టుకోండి. సంక్రాంతి సెలవులూ ఉన్నాయి గానీ, పండక్కి ఊరొదిలి వెళ్దామంటే అమ్మగారు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. మేడమ్ గారి జీతంలోంచి నెలకు 20,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 16 నెలల్లో 3.2 లక్షలు. రెండు నెలలకో దింపు (కొబ్బరికాయల కోత) అనుకుంటే ప్రతి దింపు డబ్బులోంచి 15,000 చొప్పున ఇంకో 1.2 లక్షలు. వడ్డీతో కలిపి నాలుగున్నర లక్షలు దాటుతుంది. కాయ రేటు పడిపోయిన దింపుకు పక్కన పెట్టకపోయినా ఫర్వాలేదు, అప్పుడు మలేషియా మానేయండి. నన్నడిగితే ఎలాగూ ఒక్క దేశం చాలు.

ఈ 16 నెలల లెక్క పిల్లల ముందే రాయండి. దింపు ఎంతకు పోయింది, కూలి ఎంత, ఎరువుకు ఎంత, ఇందులోంచి టూరుకు ఎంత. ఇంటి ఆదాయం గురించి మనం పిల్లలకు చెప్పం, కానీ ఫీజు కట్టేటప్పుడు మాత్రం ‘డబ్బు విలువ తెలియదు’ అంటాం. కాయ రేటు తగ్గితే తమ టూరులో ఒక రోజు తగ్గుతుందని తెలిసిన కుర్రాడికి వేరే పాఠం అక్కర్లేదు.

అక్కడికెళ్లాక రోజుకింత అని సింగపూర్ డాలర్లు అమ్మాయి చేతికివ్వండి. అయిదుగురి తిండి, మెట్రో టికెట్లు అందులోనే. చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో తింటే హోటల్ కంటే బాగా చవక, తిన్న ప్లేట్లు మనమే తీసి పెట్టాలి, లేకపోతే జరిమానా. దారి చూపే పని అబ్బాయిది. తప్పిపోతే పోనివ్వండి, ఒక స్టేషన్ అటూ ఇటూ.

పెద్ద టికెట్ ఉన్న పార్కు ఒక్కటి చాలు. మెరీనా బ్యారేజ్ మాత్రం తప్పక చూడండి, ప్రవేశం ఉచితం. సముద్రపు నీరు లోపలికి రాకుండా ఆపి, వాన నీటిని మంచినీటి చెరువుగా నిలబెట్టుకున్నారు, 2008లో. తాగునీటికి పక్క దేశం మీద ఆధారపడిన ఊరు అది. 1852 నుంచీ ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు తాగుతూ, మరోపక్క కాలువ చివర ఉప్పునీటితో పోరాడుతున్న మన పిల్లలకు అది చూస్తే అడగడానికి బోలెడు ప్రశ్నలు పుడతాయి.

ఇక ఏజెంటు చెప్పని సంగతులు. ప్యాకేజీ డబ్బు మీద టీసీఎస్ అని పన్ను ముందే వసూలు చేస్తారు. బుకింగ్ మేడమ్ గారి పాన్ మీద చేయించండి, ఆవిడ జీతం పన్నులో అది సర్దుబాటవుతుంది. మీ పాన్ మీద చేస్తే, వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా, ఆ డబ్బు వెనక్కి రావాలంటే మీరు రిటర్న్ వేయాలి. అసలు విదేశీ ప్రయాణానికి ఏడాదిలో 2 లక్షలు దాటి ఖర్చుపెట్టినవారు ఆదాయం ఎంత ఉన్నా రిటర్న్ వేయాల్సిందే. కార్డు గీసేటప్పుడు మెషీన్ ‘రూపాయలా, డాలర్లా’ అని అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయలంటే రేటు వాళ్లిష్టం. ఇన్సూరెన్స్ ఫారంలో అమ్మగారి బీపీ, షుగర్ దాచవద్దు, దాస్తే క్లెయిమ్ పోతుంది. అన్నట్టు, వంట సామాను కడితే గసగసాలు పెట్టకండి, సింగపూర్‌లో అవి నిషేధం.

మేడమ్ గారు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశం వెళ్లడానికి శాఖ అనుమతి కావాలి, దరఖాస్తు నెలల ముందే పెట్టించండి. దానికంటే ముందు అమ్మగారి పాస్‌పోర్టు పని మొదలెట్టండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, ఓటరు కార్డులో ఇంకోలా ఉంటే సరిచేయించుకోవడానికే చాలా రోజులు పట్టొచ్చు.