వాయిదా మీద హైకోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: 2021లో మా తమ్ముణ్ని దుకాణం ముందే ఇనుపరాడ్డుతో కొట్టారు. కేసు నాంపల్లి క్రిమినల్ కోర్టులో నడుస్తోంది. నేను రెండో సాక్షిని. పోయిన నెల నా ప్రధాన విచారణ (ప్రభుత్వ వకీలు నన్ను ప్రశ్నించడం) పూర్తయింది. ముద్దాయిల వకీలు వేరే కోర్టులో ఉన్నారని జూనియర్ వచ్చి గడువు అడిగారు. క్రాస్ ఎగ్జామినేషన్‌ను (ముద్దాయిల వకీలు నన్ను ప్రశ్నించడాన్ని) మూడు నెలల తర్వాతకు వాయిదా వేశారు. ఈలోగా వాళ్ల బంధువులు రాజీ పేరుతో మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఈ వాయిదాను హైకోర్టులో సవాలు చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: చేయవచ్చమ్మా, అయితే రివిజన్ (కింది కోర్టు ఉత్తర్వును సరిచూడమని పైకోర్టును కోరే పిటిషన్) వేయకండి. వాయిదా మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు నడుస్తుండగా ఇచ్చే ఉత్తర్వు, కిందికి వస్తుంది. అలాంటి వాటిపై రివిజన్‌ను క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 397(2) నిషేధించింది. మిగిలింది న్యాయం కోసం జోక్యం చేసుకునే హైకోర్టు సహజాధికారం: ఆ పాత కోడ్‌లో సెక్షన్ 482, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 528.

వకీలును మాట్లాడుకునే ముందు ఆ రోజు డాకెట్ ఉత్తర్వు (వాయిదా వేస్తూ కోర్టు ఫైలులో రాసిన ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. కేసు విచారణ 2024 జులై 1కి ముందే మొదలై ఉంటే పాత కోడ్ 309వ సెక్షనే వర్తిస్తుంది. వాయిదాకు కారణం రాయాలని, వకీలు మరో కోర్టులో ఉండటం కారణం కాదని అది స్పష్టంగా చెబుతోంది. కాపీలో ఆ ఒక్క కారణమే ఉంటే మీ వాదనకు బలం వచ్చినట్టే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ వకీలు) అభ్యంతరం చెప్పినట్టు అందులో ఉందా? చాలాసార్లు ఉండదు. ఆయన నోరు విప్పని వాయిదా మీద మీరు పైకోర్టుకు వెళితే మొదటి ప్రశ్న అదే వస్తుంది.

అందుకే ముందు నాంపల్లిలోనే, ప్రాసిక్యూటర్ ద్వారా, మూడు నెలలు ఆగకుండా ఇంకా దగ్గరి తేదీ ఇవ్వమని పిటిషన్ వేయించండి. ఇంటికి ఎవరు, ఏ రోజున వచ్చారో, ఏమన్నారో అందులో రాయించండి. బెదిరింపు ఉంటే పోలీసులకు విడిగా ఫిర్యాదు ఇవ్వండి. 2015లో వినోద్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు మండిపడింది సరిగ్గా దీనిమీదే. అక్కడ ప్రధాన విచారణకూ క్రాస్‌కూ మధ్య సుమారు 20 నెలలు పోనిచ్చారు, ఆలోగా సాక్షి అడ్డం తిరిగాడు.

నాంపల్లిలో వేసిన ఆ పిటిషన్‌ను కొట్టేస్తే హైకోర్టు. పిటిషన్ మీ తమ్ముడి పేరు మీద వేయించండి, దెబ్బలు తిన్నది ఆయన కదా. బాధితుడి మాట ప్రతి దశలోనూ వినాలని 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాయిదా రద్దు మాత్రమే అడిగితే, అది బెంచి మీదికి వచ్చేసరికి మీ మూడు నెలలూ గడిచిపోవచ్చు. ఫలానా గడువులోగా విచారణ ముగించమని ఆదేశం కోరండి. పొరపాటున కూడా స్టే (కేసు విచారణ నిలుపుదల) అడగవద్దు. ముద్దాయిలకు కావలసింది అదే.

వచ్చే తేదీకి మీరు తప్పక వెళ్లండి. ఆ వకీలు మళ్లీ రాకపోతే, క్రాస్ లేకుండానే ముగించే అధికారం 309 కింద కోర్టుకు ఉంది. దాన్ని వాడమని ప్రాసిక్యూటర్ చేత అడిగించండి. తర్వాత వాళ్లు 311 కింద మిమ్మల్ని తిరిగి పిలిపించవచ్చు. అప్పుడు ఖర్చులు కట్టించమని కోరండి.