బెర్లిన్ సంతకు ఏ రోజు పోవాలి?

ప్రశ్న: జూన్‌లో బెర్లిన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి పోతున్నాం. క్రాయిట్స్‌బెర్గ్ వైపు సంతలు, వీధి పాటలు బాగుంటాయట. వాడు డ్యూటీకి పోతే మేమిద్దరమే తిరగగలమా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: నిక్షేపంగా తిరగొచ్చు. మంగళవారమో శుక్రవారమో పెట్టుకోండి. ఆ రెండు రోజులే కాలువ గట్టున, మైబాఖ్‌ఉఫర్ వీధిలో టర్కీ వాళ్ల సంత. 11 నుంచి సాయంత్రం 6:30 దాకా. యూ8 అనే మెట్రో రైలెక్కి షోన్‌లైన్‌ష్ట్రాసెలో దిగితే దగ్గరే. కొత్తిమీర, పచ్చిమిర్చి, బెండకాయలు దొరుకుతాయి. మూసే వేళకు ధర దించి గంపగుత్తగా ఇచ్చేస్తారు, కాకపోతే అడుగున మెత్తబడినవి ఉంటాయి, చూసి తీసుకోండి. చిల్లర యూరోలు దగ్గరుంచుకోండి. పాటగాళ్ల ముందున్న డబ్బాలో వేయడానికీ అవే.

అసలు చిక్కు రైలు టికెట్‌తోనే. స్టేషన్లలో గేట్లు ఉండవు కాబట్టి కాగితం టికెట్ కొని నేరుగా ఎక్కేస్తారు. ప్లాట్‌ఫాం మీది పెట్టెలో దూర్చి ముద్ర వేసుకోకపోతే అది చెల్లదు. జరిమానా 60 యూరోలు, తెలియదంటే వినరు.

ఆదివారం కిరాణా దుకాణాలు దాదాపు అన్నీ బంద్. పాలు, బియ్యం శనివారమే తెచ్చుకోండి. ఆదివారం మవర్‌పార్క్‌లో పాతసామాన్ల సంత ఉంటుంది. అక్కడ కొని తాగిన ప్లాస్టిక్ నీళ్ల సీసా పారేయకండి, సూపర్‌మార్కెట్ మిషన్‌లో వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయి.